పాత ఆయిల్ ఇంజన్ డీజిల్ పంపు విప్పి బాగుచేసుకోవడం ఎలా?

ఆయిల్ ఇంజన్ లోడు లాగకపోయినా, నల్ల పొగ వదిలినా, హ్యాండిల్ ఎంత తిప్పినా స్టార్ట్ కాకపోయినా అందరి నోటా ముందు వచ్చే మాట "పంపు పోయింది" అని. నిజానికి పంపు చివరగా అనుమానించాల్సిన వస్తువు. ఫిల్టర్ మూసుకుపోవడం, పైపులో గాలి పట్టడం, నాజిల్ (సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ మొన) చెడిపోవడం లాంటి కారణాలే ఎక్కువ. అవన్నీ చూశాక కూడా తప్పు పంపులోనే ఉందని తేలితే, ఒక సిలిండర్ ఇంజన్ పంపును ఇంటి దగ్గర ఓపికగా విప్పి, ఎలిమెంట్ (డీజిల్‌ను తోసే ప్లంజర్ అనే కడ్డీ, అది కదిలే బ్యారల్ అనే గొట్టం, ఈ రెండింటి జత) మార్చి బిగించుకోవచ్చు. దానికి కావలసింది పెద్ద చదువు కాదు, శుభ్రత. ప్రతి ముక్క ఏ వైపు తిరిగి ఉందో గుర్తు పెట్టుకోగలిగితే చాలు.

ఇక్కడ చెప్పేది పొలాల్లో నీళ్లు తోడే 5 హార్స్‌పవర్ నిలువు ఇంజన్ల గురించి. కిర్లోస్కర్ ఎ.వి.1 ఆ కోవలోది. దాని బోర్ (సిలిండర్ లోపలి వ్యాసం) 80 మి.మీ., స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 110 మి.మీ., వేగం నిమిషానికి 1500 చుట్లు. ఇంగ్లండ్ లిస్టర్ ఇంజన్ నమూనాలో రాజ్‌కోట్‌లో తయారై మన ఊళ్లకు వచ్చిన పెద్ద ఫ్లైవీల్ ఇంజన్లు ఇంకా నెమ్మదివి, వాటిలో చాలావాటి వేగం 650 చుట్లు. వీటి మీద ఉండేది ఒకే బ్యారల్ ఉన్న చిన్న పంపు, చాలాచోట్ల మైకో పేరుతోనే కనిపిస్తుంది. బెంగళూరులో 1951లో మొదలైన మైకో 2008లో బాష్ అని పేరు మార్చుకుంది కాబట్టి కొత్త పార్టుల ప్యాకెట్ మీద బాష్ అని ఉంటే కంగారు పడకండి. నాలుగు, ఆరు సిలిండర్ల ఇన్‌లైన్ పంపుల జోలికి మాత్రం ఇంటి దగ్గర పోవద్దు. అన్ని బ్యారళ్లూ సమానంగా డీజిల్ ఇస్తున్నాయో లేదో టెస్ట్ బెంచ్ మీదే తెలుస్తుంది.

ముందు పంపు ఏం చేస్తుందో తెలియాలి

ఇంజన్‌తో పాటు తిరిగే ఉబ్బెత్తు చక్రం, కామ్, పైకి తోసినప్పుడల్లా ప్లంజర్ బ్యారల్‌లో లేచి దిగుతుంది. లోడు ఎక్కువైనా తక్కువైనా అది లేచే ఎత్తు మారదు. మరి డీజిల్ ఎక్కువ తక్కువలు ఎలా వస్తాయి? ప్లంజర్ ఒంటి మీద ఏటవాలుగా ఒక గాడి కోసి ఉంటుంది. ప్లంజర్ లేస్తూ బ్యారల్ గోడలోని రంధ్రాన్ని మూసేసిన క్షణం నుంచి ప్రెషర్ పుడుతుంది. ఆ గాడి రంధ్రం దగ్గరికి రాగానే ప్రెషర్ మొత్తం వెనక్కి జారిపోతుంది. వేగాన్ని అదుపులో ఉంచే గవర్నర్, రాక్ అనే పళ్ల కడ్డీని జరిపితే ప్లంజర్ తన చుట్టూ తాను కొంచెం తిరుగుతుంది, దాంతో గాడి ముందుగానో ఆలస్యంగానో రంధ్రాన్ని చేరుతుంది. ఇంజన్‌కు అందే డీజిల్ లెక్కంతా ఇంతే. బాష్ కంపెనీ 1927లో డీజిల్ పంపుల ఉత్పత్తి మొదలుపెట్టిన నాటి నుంచి ఈ పద్ధతి అలాగే నడుస్తోంది.

పైన ఉండే డెలివరీ వాల్వ్ పని ఇంకొకటి. డీజిల్ తోయడం అయిపోగానే అది టక్కున మూసుకుంటూ పైపులోంచి కాస్త డీజిల్‌ను వెనక్కి లాక్కుంటుంది. అందుకే నాజిల్ చివర చుక్క కారదు. ఆ వాల్వ్ సరిగ్గా కూర్చోకపోతే నాజిల్ కారుతుంది, మసి పడుతుంది, పొగ వస్తుంది. మీరు నాజిల్ మార్చుకుంటూ పోతారు కానీ రోగం కుదరదు.

నిజంగా పంపేనా?

ట్యాంక్ కింద కుళాయి తెరిచి, పంపుకు వచ్చే పైపు విప్పి చూడండి. డీజిల్ ధారగా రావాలి. రాకపోతే ఫిల్టర్, ట్యాంక్ మూత గాలి రంధ్రం, పైపు చూసుకోండి. తరవాత ఇంజెక్టర్ విప్పి, సర్వీస్ షాపులో టెస్టర్ మీద పెట్టించండి. ఎ.వి.1 లాంటి ఇంజన్లలో అది సుమారు 200 బార్ ప్రెషర్ దగ్గర తెరుచుకుని, పొగమంచులాంటి తుంపరగా చిమ్మాలి. ఇంజెక్టర్ బాగుందని తేలాక దాన్నే పైపుకు బయట బిగించి, మనిషి లేని వైపు తిప్పి, నెమ్మదిగా హ్యాండిల్ తిప్పించండి. తుంపర రాకుండా సన్న ధారలా కారుతుంటే పంపు మీద అనుమానం గట్టిపడినట్టే.

ఇక్కడ ఒక జాగ్రత్త. నాజిల్ ముందు వేలు, అరచెయ్యి పెట్టి చూసే అలవాటు చాలామందికి ఉంది. ఆ ప్రెషర్‌లో డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చిన్న చుక్కలాగే కనిపించినా లోపల కండ చెడుతుంది, వేలు తీసేయాల్సిన పరిస్థితి రావచ్చు. అలా జరిగితే నొప్పి లేదని ఊరుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లి, డీజిల్ ప్రెషర్‌తో లోపలికి పోయిందని డాక్టరుకు చెప్పండి.

ఎలిమెంట్ అరిగిందని చెప్పే గుర్తులు రెండు నాకు బాగా నమ్మకమైనవి. మొదటిది, చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ అయ్యే ఇంజన్ బాగా వేడెక్కాక ఆపితే మళ్లీ స్టార్ట్ కాకపోవడం. వేడికి డీజిల్ పల్చబడి, అరిగిన సందుల్లోంచి జారిపోతుంది. రెండోది, ఇంజన్ ఆయిల్ మట్టం తగ్గాల్సింది పోయి పెరగడం. ప్లంజర్ పక్కల నుంచి కారిన డీజిల్ కింద చాంబర్‌లోకి, అక్కడి నుంచి ఇంజన్ కింద ఆయిల్ ఉండే సంపులోకి చేరుతుంది. ఆయిల్ కొలిచే స్కేల్ తీసి వాసన చూస్తే తెలిసిపోతుంది. ఈ రెండోది కనిపిస్తే ఇంజన్ వెంటనే ఆపేయండి. పల్చబడిన ఆయిల్‌తో నడిపితే బేరింగులు పోతాయి, అప్పుడు ఖర్చు పంపుతో ఆగదు.

విప్పే ముందు

గాలి దుమ్ము లేని చోటు చూసుకోండి. వరి నూర్పిళ్ల సమయంలో కళ్లం పక్కన కూర్చుని ఈ పని చేయకూడదు. బల్ల మీద శుభ్రమైన కాగితం, అంచులున్న రెండు పళ్లేలు, సన్న బ్రష్, వడకట్టిన డీజిల్, భూతద్దం, నూలు ఊడని బట్ట సిద్ధం చేసుకోండి. కాటన్ వేస్ట్ అసలు వాడొద్దు, అందులోని ఒక్క పోగు చాలు డెలివరీ వాల్వ్ మూసుకోకుండా చేయడానికి. పెట్రోల్‌తో కడగొద్దు. మంటకు భయం ఒకటైతే, అది పార్టుల మీది తడిని పూర్తిగా లాగేసి తుప్పుకు దారి ఇస్తుంది.

పంపు ఇంజన్ మీద ఉండగానే దాని ఒళ్లంతా డీజిల్, బ్రష్‌తో రుద్ది కడిగేయండి. విప్పాక కడగడం కంటే ఇది ముఖ్యం.

కుళాయి కట్టండి. ఫ్లైవీల్‌ను చేత్తో తిప్పుతూ పంపు కామ్ దిగిన స్థానానికి తెండి. అప్పుడు స్ప్రింగు బలం తక్కువగా ఉండి పంపును ఇంజన్‌కు పట్టి ఉంచే ఫ్లాంజ్ బోల్టులు తేలిగ్గా వస్తాయి. నాజిల్ పైపును విప్పేటప్పుడు రెండు పానాలు వాడండి, ఒకటి పంపు పైన డెలివరీ వాల్వ్‌ను పట్టి ఉంచే డెలివరీ హోల్డర్‌ను పట్టుకోవడానికి, ఇంకొకటి నట్టు తిప్పడానికి. పైపు రెండు చివర్లకూ శుభ్రమైన పాలిథిన్ చుట్టేయండి. గవర్నర్ లింకు రాక్‌కు ఏ రంధ్రంలో తగిలి ఉందో ఫోన్‌లో ఫొటో తీసుకోండి.

పంపు పైకి తీయగానే ఫ్లాంజ్ కింద పల్చని షిమ్‌లు కనిపిస్తాయి. అవి ప్యాకింగులు కావు, ఇంజన్ టైమింగ్, అంటే డీజిల్ ఏ క్షణంలో చిమ్మాలన్నది, వాటిలోనే ఉంది. ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, అన్నిటినీ కలిపి తీగతో కట్టి పంపుతో పాటే ఉంచండి. లిస్టర్ తరహా ఇంజన్లలో ఈ పని టాపెట్ (కామ్ తోపును పంపుకు అందించే ముక్క) మీది స్క్రూ, లాక్ నట్టు చేస్తాయి కాబట్టి వాటిని కదిలించకండి.

విప్పడం

వైస్ దవడలకు రాగి లేదా అల్యూమినియం రేకు వేసి పంపును తలకిందులుగా పట్టించండి. కింద ఉన్న గైడ్ కప్పును అరచేత్తో లోపలికి నొక్కి, గాడిలో ఉన్న సర్‌క్లిప్‌ను (స్ప్రింగు రింగును) తీసి, నెమ్మదిగా వదలండి. స్ప్రింగు ఒక్కసారిగా వదిలితే ప్లంజర్ నేల మీద పడుతుంది, అంచుకు చిన్న దెబ్బ తగిలినా అది ఇక పనికిరాదు.

కప్పు, దాని వెంట కింది స్ప్రింగ్ ప్లేట్, ప్లంజర్ వస్తాయి. ప్లంజర్‌ను బయటికి లాగే ముందు ఒక్క నిమిషం ఆగండి. దాని కింది భాగంలో రెండు చెవులుంటాయి, అవి కంట్రోల్ స్లీవ్ (రాక్ తిప్పే చిన్న గొట్టం) గాడుల్లో కూర్చుంటాయి. ఒక చెవి మీద గీతో, అక్షరమో చెక్కి ఉంటుంది. అది పంపు బాడీకి ఏ వైపు ఉందో చూసి రాసుకోండి. రాక్ పళ్ల మీద, స్లీవ్ పన్ను మీద కూడా చిన్న చుక్కలుంటాయి, అవి ఎదురెదురుగా ఉన్నాయేమో చూడండి. కనిపించకపోతే ఇప్పుడే మీరే సన్న గీత పెట్టుకోండి.

దీని గురించి ఇంత చెప్పడానికి కారణం ఉంది. ప్లంజర్‌ను సగం చుట్టు తిప్పి ఎదురుగా కూర్చోబెట్టినా అది చక్కగా లోపలికి వెళ్తుంది, బయటికి తేడా తెలియదు. కానీ ఏటవాలు గాడి తప్పు వైపుకు వచ్చి, గవర్నర్ రాక్ ఎంత వెనక్కి లాగినా డీజిల్ ఆగకపోవచ్చు. ఇంజన్ వేగం పెరుగుతూనే పోతుంది. ఫ్లైవీల్ పగిలితే ముక్కలు ఎటు ఎగురుతాయో చెప్పలేం.

స్ప్రింగు, పై ప్లేట్, స్లీవ్, రాక్ తీశాక పంపును సరిగ్గా నిలబెట్టి డెలివరీ హోల్డర్ విప్పండి. లోపల స్ప్రింగు, వాల్వ్, వాల్వ్ సీటు, వాషర్ ఉంటాయి. సీటు రాకపోతే స్క్రూడ్రైవర్‌తో గుచ్చి లేపొద్దు, పుల్లర్ వాడండి, లేదంటే షాపులో తీయించండి. పక్కన ఉండే బ్యారల్ లాక్ స్క్రూను విప్పితే బ్యారల్‌ను కింది నుంచి చెక్క ముక్కతో మెల్లగా తోసి పైకి తీయొచ్చు. ఆ స్క్రూ కింద రాగి వాషర్ ఉంటుంది, పోగొట్టుకోకండి.

ఏది ఉంచాలి, ఏది మార్చాలి

ప్లంజర్, బ్యారల్ పుట్టుకతోనే జత. వాటి మధ్య సందు 2 నుంచి 4 మైక్రాన్లు, అంటే మన వెంట్రుక మందంలో పదో వంతు కూడా ఉండదు. అందుకే ఒక పంపు ప్లంజర్ ఇంకో పంపు బ్యారల్‌లో పెట్టకూడదు. ఒకటి చెడితే రెండూ మార్చాలి. గ్రైండింగ్ పేస్ట్ పెట్టి రుద్ది బాగుచేస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, ఆ పేస్ట్ సందును పెంచడమే తప్ప తగ్గించదు.

ప్లంజర్‌ను వెలుతురులో భూతద్దంతో చూడండి. ఒళ్లంతా అద్దంలా మెరుస్తుంటే మంచిదే. పై అంచు దగ్గర, గాడి అంచు వెంట బూడిద రంగు మరక, నిలువు గీతలు కనిపిస్తే అది అరుగుదల. డీజిల్‌లో వచ్చిన సన్నని ఇసుక కోసిన చోటు అది. నీళ్ల వల్ల వచ్చే తుప్పు చిన్న గుంటల్లా ఉంటుంది. గోటితో గీస్తే తగిలే గీత ఏదైనా సరే ఎలిమెంట్ మార్చాల్సిందే.

కంటికి తెలియనిది చేతికి తెలుస్తుంది. రెండింటినీ శుభ్రమైన డీజిల్‌లో ముంచి, బ్యారల్‌ను ఏటవాలుగా పట్టుకుని, ప్లంజర్‌ను మూడో వంతు బయటికి లాగి వదలండి. ఎక్కడా పట్టకుండా తన బరువుతో మెల్లగా లోపలికి జారాలి. ప్లంజర్‌ను తిప్పి ఇంకో రెండు మూడు స్థానాల్లోనూ ఇలాగే చూడండి. తరవాత బ్యారల్ పై రంధ్రాన్నీ పక్క రంధ్రాలనూ వేళ్లతో మూసి ప్లంజర్‌ను కొంచెం లాగండి. లోపలికి పీల్చినట్టు బిగువు తెలియాలి, వదిలితే వెనక్కి పోవాలి. ఏ బిగువూ లేకుండా వచ్చేస్తే ఆ ఎలిమెంట్ పని అయిపోయింది.

డెలివరీ వాల్వ్‌కూ ఇలాంటి పరీక్షే. సీటు కింది రంధ్రాన్ని వేలితో మూసి వాల్వ్‌ను పై నుంచి నొక్కి వదలండి. అది పైకి తిరిగి లేవాలి. వేలు తీయగానే తన బరువుతో కిందికి దిగి కూర్చోవాలి. కూర్చునే అంచు మీద ఉంగరంలా లోతుగా గీత పడితే వాల్వ్, సీటు రెండూ జతగా మార్చండి.

మిగతా వాటికి ఎక్కువ సమయం పట్టదు. స్ప్రింగులో తుప్పు గుంట ఉంటే అక్కడే విరుగుతుంది, మార్చేయండి. గైడ్ కప్పు మధ్యలో ప్లంజర్ కాలు తగిలి గుంట పడి ఉంటే అదీ మార్చండి. వాషర్లన్నీ కొత్తవి వేయండి.

కొత్త ఎలిమెంట్ కొనడానికి వెళ్లేటప్పుడు పాతది వెంట తీసుకెళ్లి, దాని మీద చెక్కిన నంబరుతో సరిచూసుకోండి. గాడి కోసిన వైపు, ప్లంజర్ లావు రెండూ సరిపోవాలి. చూడటానికి ఒకేలా ఉండి గాడి ఎదురు వైపు ఉన్నవి కూడా దొరుకుతాయి. తక్కువ ధరకు వచ్చే నకిలీ ఎలిమెంట్ పెట్టి ఈ శ్రమంతా పడటం నా దృష్టిలో వృథా.

తిరిగి బిగించడం

కొత్త ఎలిమెంట్ మీద తుప్పు పట్టకుండా పూసిన నూనెను బిగించే ముందే కడగండి, ముందు రోజు కడిగి పెట్టొద్దు. మెరిసే భాగాన్ని వేళ్లతో పట్టుకోవద్దు, చెమట తగిలితే మరక పడుతుంది. ప్రతి ముక్కా డీజిల్‌తో తడిగా ఉన్నప్పుడే లోపలికి వెళ్లాలి. బట్టతో తుడవకండి.

బ్యారల్ గాడిని లాక్ స్క్రూ రంధ్రానికి ఎదురుగా పెట్టి దించండి. రాగి వాషర్‌తో లాక్ స్క్రూ బిగించాక బ్యారల్‌ను కొంచెం పైకీ కిందికీ కదిపి చూడండి. కదలాలి, తిరగకూడదు. కదలకపోతే స్క్రూ మొన బ్యారల్‌ను నొక్కుతోందని అర్థం, అలా వదిలేస్తే ప్లంజర్ పట్టేస్తుంది.

వాల్వ్ సీటు, వాషర్, వాల్వ్, స్ప్రింగు పెట్టి హోల్డర్‌ను బిగించండి. ఒకసారి బిగించి, వదులు చేసి, మళ్లీ బిగించడం మంచి అలవాటు, సీటు సర్దుకుంటుంది. టార్క్ పానాతో మాన్యువల్‌లో ఉన్నంతే బిగించండి. ఇక్కడ బలం ఎక్కువ చూపిస్తే బ్యారల్ నొక్కుకుపోతుంది. అందుకే బిగించిన వెంటనే ప్లంజర్‌ను కింది నుంచి పెట్టి జారుతోందో లేదో మళ్లీ చూడాలి. పట్టినట్టు అనిపిస్తే విప్పి మళ్లీ మొదలుపెట్టండి.

తరవాత రాక్, చుక్కలు కలిసేలా స్లీవ్, పై ప్లేట్, స్ప్రింగు. ప్లంజర్‌ను గుర్తున్న చెవి సరైన వైపుకు వచ్చేలా పెట్టి, కింది ప్లేట్, కప్పు, సర్‌క్లిప్ వేయండి. కప్పును చేత్తో నొక్కి ఉంచి రాక్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు జరపండి. ఒక వేలితో తోస్తే జరగాలి. ఎక్కడైనా పట్టిందంటే గవర్నర్ దాన్ని జరపలేదు.

టైమింగ్

బాడీ, కామ్, టాపెట్ పాతవే కాబట్టి పాత షిమ్‌లతో పెడితే చాలావరకు సరిపోతుంది, అయినా చూడకుండా వదలకండి. ఎ.వి.1లో పిస్టన్ పైకి చేరడానికి 23 డిగ్రీల ముందు ఇంజెక్షన్ మొదలవ్వాలి. మీది వేరే ఇంజన్ అయితే దాని ప్లేట్ మీదో మాన్యువల్‌లోనో ఉన్న అంకె తీసుకోండి.

ఫ్లైవీల్ చుట్టుకొలతను టేపుతో కొలిచి 360తో భాగిస్తే డిగ్రీకి ఎన్ని మిల్లీమీటర్లో వస్తుంది. ఉదాహరణకు చుట్టుకొలత 1260 మి.మీ. ఉంటే డిగ్రీకి 3.5 మి.మీ., 23 డిగ్రీలకు 80.5 మి.మీ. ఫ్లైవీల్ మీద, పిస్టన్ పైన ఉన్నప్పటి గుర్తు నుంచి ఆ దూరంలో, తిరిగే దిశను బట్టి ముందుగా వచ్చే వైపు చాక్‌పీస్‌తో గీత పెట్టండి.

పంపు బిగించి కుళాయి తెరిచి, గాలి తీసేయండి. హోల్డర్ విప్పి లోపలి వాల్వ్, దాని స్ప్రింగు మాత్రం తీసి శుభ్రమైన గిన్నెలో డీజిల్‌లో వేసి, హోల్డర్‌ను మళ్లీ బిగించి దాని మీద వంపు పైపు ముక్క పెట్టండి. రాక్‌ను పూర్తి డీజిల్ వైపు ఉంచండి. ట్యాంక్ ఎత్తులో ఉంది కాబట్టి పైపు చివర డీజిల్ కారుతుంటుంది. రెండు వాల్వులూ మూసుకుని ఉన్న కంప్రెషన్ స్ట్రోక్‌లో ఫ్లైవీల్‌ను తిరగాల్సిన దిశలో అంగుళం అంగుళంగా తిప్పండి. ధార సన్నబడి, చుక్కలై, ఆగిపోతుంది. ఆగిన క్షణమే ప్లంజర్ రంధ్రాన్ని మూసిన క్షణం, అప్పుడు మీ చాక్‌పీస్ గీత ఇంజన్ బాడీ మీది కదలని గుర్తుకు ఎదురుగా ఉండాలి. దాటిపోతే వెనక్కి తిప్పి సరిచేయకండి, బాగా వెనక్కి తీసుకెళ్లి మళ్లీ ముందుకే రండి. గేర్ల సందు వల్ల లెక్క తప్పుతుంది.

గీత రాకముందే ధార ఆగితే ఇంజెక్షన్ ముందుగా అవుతోంది, ఒక షిమ్ కలపండి. గీత దాటాక ఆగితే ఆలస్యం, ఒకటి తీయండి. టాపెట్ స్క్రూ ఉన్న ఇంజన్‌లో స్క్రూ పైకి తిప్పితే ముందుకు, దించితే ఆలస్యానికి జరుగుతుంది. మరీ ముందైతే ఇంజన్ ఠంగు ఠంగుమని కొట్టుకుంటుంది, ఆలస్యమైతే వేడెక్కి పొగ వదులుతుంది. షిమ్ తీసినప్పుడు మాత్రం, వాల్వ్ తిరిగి పెట్టాక, ఫ్లైవీల్‌ను చేత్తో పూర్తిగా తిప్పి ప్లంజర్ పైన ఎక్కడా తగలడం లేదని చూసుకోండి.

గాలి తీయడం, స్టార్ట్ చేయడం

వాల్వ్, స్ప్రింగు లోపల పెట్టారా అని ఒకసారి చూసుకోండి. ఫిల్టర్ మీద స్క్రూ, పంపు మీద స్క్రూ, చివరగా ఇంజెక్టర్ దగ్గర నట్టు, ఈ వరసలో గాలి తీయండి. బుడగలు ఆగి డీజిల్ మాత్రమే వచ్చాక బిగించండి. తరవాత హ్యాండిల్ తిప్పుతుంటే ఇంజెక్టర్ దగ్గర "కిర్రు" మనే చప్పుడు రావాలి. ఇప్పుడు స్టాప్ లివర్ లాగి తిప్పి చూడండి. ఆ చప్పుడు పూర్తిగా ఆగాలి. ఆగకపోతే ఇంజన్ స్టార్ట్ చేయొద్దు, ప్లంజరో రాక్ పళ్లో తప్పుగా కూర్చున్నాయి.

మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు బెల్టు తీసేసి, ఫ్లైవీల్‌కు ఎదురుగా ఎవరూ నిలబడకుండా చూసి, గాలి పీల్చుకునే గొట్టాన్ని మూయడానికి సరిపడే చెక్క పలకను ఒకరి చేతికి ఇచ్చి ఉంచండి. గుడ్డ పనికిరాదు, లోపలికి లాగేస్తుంది. వేగం అదుపు తప్పుతుంటే పలకతో గాలి మూసేస్తే ఇంజన్ ఆగిపోతుంది.

బాగా నడుస్తుంటే పైపు కీళ్ల దగ్గర చెమ్మ ఉందేమో చూసి, వేడెక్కాక ఆపి మళ్లీ స్టార్ట్ చేయండి. పాత రోగం కుదిరిందో లేదో అప్పుడే తెలుస్తుంది. డీజిల్ కలిసిన సంపు ఆయిల్‌ను పారేసి కొత్తది పోసి, స్కేల్ మీద మట్టానికి గీత పెట్టుకోండి. మొదటి వారం రోజూ నడిపే ముందు చూడండి. మట్టం ఆ గీత దాటి పైకి పోకుండా ఉంటే ఎలిమెంట్ సరిగ్గా కూర్చుంది, బెల్టు వేసి నీళ్లు పెట్టుకోవచ్చు.